డోర్‌బెల్ ఆదా చేసే ప్యాచ్‌లో ముందు చూడాల్సిన చోటు

లినక్స్ నెట్‌వర్క్ డ్రైవర్‌కు వేగం పెంచే ప్యాచ్ (కోడ్ మార్పు) వస్తే, ప్యాకెట్ పంపే ఫంక్షన్ మధ్యలోనే వెనుదిరిగే దారులను ముందు చదవండి. వెనుక ఇంకా ప్యాకెట్లు ఉన్నాయని కర్నెల్ చెప్పినప్పుడు కార్డుకు డోర్‌బెల్ (పంపాల్సిన ప్యాకెట్లు ఉన్నాయని తెలిపే సంకేతం) కొట్టడం వాయిదా వేయడం మంచి ఆదాయే. కానీ ఆ వరుసలో చివరిదానికి డీఎంఏ మ్యాపింగ్ (కార్డు ఆ ప్యాకెట్‌ను మెమరీ నుంచి నేరుగా చదివేలా చేసే ఏర్పాటు) విఫలమై, దాన్ని పారేసి వచ్చేస్తే? అప్పటికే రింగులో (కార్డు చదివే క్యూలో) పెట్టినవి కదలకుండా ఉండిపోతాయి. ఆ దారిలోనూ బాకీ పడ్డ డోర్‌బెల్ కొట్టాల్సిందే. మెమరీలో పలుచోట్ల ముక్కలుగా ఉన్న ప్యాకెట్ అయితే, అంతవరకు మ్యాప్ చేసిన ముక్కలన్నీ విడిపించారో లేదో చూడండి. ఎస్‌కేబీని (కర్నెల్‌లో ప్యాకెట్‌ను ఉంచే బఫర్) విడుదల చేశాక ‘బిజీ’ అని తిరిగివ్వకూడదు. అలా ఇస్తే కర్నెల్ విడుదలైపోయిన అదే ప్యాకెట్‌ను మళ్లీ పంపబోతుంది. మామూలు పరీక్షల్లో మ్యాపింగ్ విఫలం కావడం అరుదు (అందుకే ఈ లోపాలు ఏళ్లతరబడి దాక్కుంటాయి). కావాలనే విఫలం చేసి ఒకసారి నడపమని ప్యాచ్ రాసినవారిని అడగండి.