ఫోంతెనే మఠం చర్చిని చూసే పద్ధతి

ఫ్రాన్స్‌లోని బర్గండీలో, మోంబార్ ఊరి దగ్గర లోయలో ఉంది ఫోంతెనే. నిరాడంబరతను నియమంగా పెట్టుకున్న కేథలిక్ సంఘం సిస్టర్షియన్లది, ఆ సన్యాసులు 1118లో స్థాపించిన మఠం ఇది. ఇప్పుడున్న చర్చి కట్టడం 1139లో మొదలైంది. 1147లో పోప్ మూడో యూజీనియస్ స్వయంగా వచ్చి ప్రతిష్ఠించాడు. ఆ పోప్ కూడా ఒకప్పుడు సిస్టర్షియన్ సన్యాసే, క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్ శిష్యుడు.

ముందు బయటే కాసేపు నిలబడండి. పడమటి గోడలో ఏడు కిటికీలు, రెండు ఆనుగోడలు, ఒక తలుపు ఉంటాయి. శిల్పాల కోసం వెతికితే నిరాశే. తలుపు పైన గోడలోంచి పొడుచుకొచ్చిన రాళ్లు మాత్రం వదలొద్దు, కూలిపోయిన ముఖమండపం కప్పును మోసినవి అవే. గంటల గోపురం ఉండదు. రాతి గోపురాలు కట్టడాన్ని ఈ సన్యాసుల సంఘమే నిషేధించింది.

లోపలికి వెళ్లాక తలెత్తి కప్పు చూడండి, మిగతాదంతా అక్కడి నుంచే అర్థమవుతుంది. పొడవు 66 మీటర్లు, నడిమి శాల వెడల్పు 8 మీటర్లు. పైన కొస తేలిన సొరంగంలా ఒకే రాతి కప్పు. చాలామంది పొరబడేది ఇక్కడే: కమానుకు కొస కనబడగానే గోథిక్ అనేస్తారు. గోథిక్ కప్పులో బరువును మోసుకెళ్లే రాతి పట్టీలు ఒకదాన్నొకటి ఐమూలగా దాటుతాయి. ఇక్కడ అవి లేవు, గదికో (అంటే స్తంభాల మధ్య ఒక్కో భాగానికో) అడ్డ కమాను మాత్రమే ఉంది. ఇది గోథిక్‌కు ముందటి రోమనెస్క్ శైలి.

ఇలాంటి కప్పు గోడల్ని పొడవునా బయటికి తోస్తుంది. ఆ తోపును ఆపేది పక్క నడవలు. అక్కడికి వెళ్లి పైకి చూడండి: ప్రతి గదికీ విడిగా, నడిమి కప్పుకు అడ్డంగా తిరిగిన చిన్న రాతి కప్పు ఉంటుంది. అలాంటివి వైపుకు ఎనిమిది. ఆనుడు కోసం పక్క నడవల్ని అంత ఎత్తుగా కట్టడంతో నడిమి శాల గోడల్లో కిటికీలకు చోటు మిగల్లేదు. చీకటికి కారణం భక్తి అనుకునేరు, ఇంజనీరింగే. నడిమి శాలకు నేరు వెలుగు రెండు కొసల నుంచే రావాలి. బలిపీఠం ఉన్న భాగం కప్పును కిందికి దించి, దాని కమాను పైన మిగిలిన గోడలో కిటికీలు పెట్టింది అందుకే.

తూర్పు గోడ గుండ్రంగా ఉండదు, తిన్నగా కోసినట్టుంటుంది. స్తంభాల తలల మీద సాదా ఆకులే. చర్చికి అడ్డంగా చేతుల్లా చాచిన శాలలో దక్షిణం వైపు మెట్లు కనిపిస్తాయి, అర్ధరాత్రి ప్రార్థనకు సన్యాసులు పడకశాల నుంచి నేరుగా దిగింది వాటి మీదే. 13వ శతాబ్దం చివరి మరియమ్మ విగ్రహం ఒక్కటే కంటికి మెత్తగా తగులుతుంది.

ఈ బోసితనమంతా సన్యాసుల ఎంపికేనని మాత్రం అనుకోవద్దు. ఫ్రెంచి విప్లవంలో మఠాన్ని అమ్మేశారు, తర్వాత ఇది కాగితం మిల్లయింది. 1906లో ఎద్వార్ ఎనార్ కొని, మిల్లు కట్టడాలు పడగొట్టి బాగుచేయించాడు. 1981లో యునెస్కో జాబితాలో చేరింది. సన్యాసుల వరసను, పనిచేసే సోదరుల వరసను వేరుచేసిన అడ్డుగోడ ఇప్పుడు లేదు. నడిమి శాల ఒకే పొడుగు గదిలా కనిపించడం అందువల్లే.

ఉదయం వెళ్తే తూర్పు కిటికీల వెలుగు బలిపీఠం వైపు నుంచి పడుతుంది. పడమటి కిటికీల వెలుగు కావాలంటే సాయంత్రం దాకా ఆగాలి.