మిర్చి ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) పెట్టే ముందు

గుంటూరు యార్డుకు సరుకు ముమ్మరంగా వచ్చే రోజుల్లో అమ్మాలా, ఆపాలా తేల్చుకునేముందు ఇవి చూసుకోండి.

– ఏ ధరకు, ఏ తేదీకల్లా అమ్మేస్తారో ముందే కాగితం మీద రాసుకోండి. రాయకపోతే పెరిగినప్పుడు ఇంకా పెరుగుతుందని, తగ్గినప్పుడు పెట్టుబడైనా రావాలని ఆగిపోతారు. ఈలోగా కొత్త కాయ దిగుతుంది.

– టిక్కీ (మిర్చి బస్తా) నడిమి నుంచి కాయ తీసి వంచండి. మెత్తగా వంగితే ఆరలేదు. తేమ 10–11 శాతం దాటితే బూజు, రంగు పోవడం ఖాయం.

– క్వింటా 12,000 అనుకుంటే, 2 రూపాయల వడ్డీకి 6 నెలల్లో 1,440. అద్దె, హమాలీ, తరుగు వేరే.

– నిరుటి రేటు నమ్మొద్దు. అది చూసే పక్కూరోళ్లూ వేశారు.

– అప్పుంటే సగం అమ్మేయండి.

– ఏసీ వాళ్లిచ్చే బాండులో (సరుకు రసీదులో) లాటు నంబరు, టిక్కీల లెక్క సరిచూడండి.