డిశ్చార్జ్ బుక్‌లో పేరు తప్పు పడిందా? దిద్దించే ముందు అసలు తప్పు ఎక్కడుందో చూడండి

మా నాన్న ఆర్మీలో హవల్దారుగా రిటైరయ్యారు. ఆయన డిశ్చార్జ్ బుక్ (సైన్యం నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు పుస్తకం) తెరిస్తే భార్య పేరు రాసే చోట అమ్మ పేరుంది, దాని చివర 'దేవి' అని ఒక తోక ఉంది. అమ్మని పుట్టింట్లో గానీ, మా ఇంట్లో గానీ, ఊళ్లో గానీ దేవి అన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఉత్తరాదిలో ఆడవాళ్ల పేరు వెనక దేవి పెట్టడం మామూలు కాబట్టి ఆ రోజు యూనిట్‌లో క్లర్కు అలవాటు కొద్దీ రాసేసి ఉంటాడు, నాన్న సంతకం పెట్టేసి ఉంటారు. దాదాపు ముప్పై ఏళ్లు ఆ దేవి ఎవరి జోలికీ రాలేదు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కొత్త కార్డుకి ఆన్‌లైన్‌లో అప్లై చేసిన రోజు వచ్చింది, ఆధార్‌లో పేరు ఒకటి, పీపీవోలో (పెన్షన్ మంజూరు ఉత్తర్వులో) పేరు ఇంకొకటి, కార్డు రాదు పొమ్మన్నారు.

అప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే రక్షణ శాఖ పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్ స్పర్శ్‌లో ఒక కంప్లయింట్ పడేసి కూర్చోవడం. నాలుగు నెలలు పోయాక తెలిసింది, తప్పు వేళ్ల దగ్గర ఉంటే కొమ్మ దగ్గర ఎంత దిద్దినా నిలవదని. మీరు ఆ నాలుగు నెలలు పోగొట్టుకోకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఒక సైనికుడి పేరు, ఆయన భార్యాపిల్లల పేర్లు నాలుగు చోట్ల ఉంటాయి. మొదటిది షీట్ రోల్. చేరిన రోజు నుంచి ఆయన చరిత్ర అంతా అందులోనే ఉంటుంది, రిటైరయ్యాక అది రికార్డ్స్ ఆఫీసులోనే ఉండిపోతుంది, మన చేతికి రాదు. రెండోది మన బీరువాలో ఉండే డిశ్చార్జ్ బుక్, షీట్ రోల్‌లో ఉన్నవి చూసి రాసిందే. మూడోది పీపీవో, రికార్డ్స్ పంపిన వివరాల మీద ఆర్మీ వాళ్లకైతే ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్స్ ఆఫీసు ఇస్తుంది. నాలుగోది స్పర్శ్, పాత పెన్షనర్ల డేటా అంతా బ్యాంకుల నుంచి, పాత కాగితాల నుంచి ఇందులోకి ఎక్కించారు, ఎక్కించేటప్పుడు పడిన తప్పులూ తక్కువేం కాదు.

కాబట్టి ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని పేరు, పుట్టిన తేదీ, భార్య పేరు, భార్య పుట్టిన తేదీ, పిల్లల పేర్లు ఒక్కోచోట ఎలా ఉన్నాయో అక్షరం అక్షరం పక్కపక్కన రాయండి. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ కూడా పక్కన పెట్టుకోండి. డిశ్చార్జ్ బుక్, పీపీవో రెండూ సరిగ్గా ఉండి స్పర్శ్‌లో మాత్రమే తప్పుంటే మీరు అదృష్టవంతులు, ఆ రెండూ స్కాన్ చేసి స్పర్శ్‌లో రిక్వెస్ట్ పెడితే చాలు, లాగిన్ తెలియకపోతే దగ్గర్లో ఉన్న స్పర్శ్ సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. డిశ్చార్జ్ బుక్ బాగుండి పీపీవోలో తప్పుంటే కారిజెండం పీపీవో, అంటే తప్పు దిద్దిన పీపీవో రావాలి, అది రికార్డ్స్ ఆఫీసు ద్వారానే కదులుతుంది. డిశ్చార్జ్ బుక్‌లోనే తప్పుంటే అసలు పని అక్కడ మొదలవుతుంది.

ఈ తప్పులు మన వాళ్లకి ఎందుకు ఎక్కువో రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే అప్లికేషన్‌లో కారణం రాయాల్సి వస్తుంది. మనం ఇంగ్లీషులో సుజాత రాస్తే 'త'కి టీ పక్కన హెచ్ పెడతాం, ఉత్తరాది క్లర్కు వట్టి టీ రాస్తాడు. లక్ష్మికి మనం కె, ఎస్, హెచ్ రాస్తే అతను ఎక్స్ వేస్తాడు. ఇంటిపేరు ముందు ఉండాలన్న సంగతి అతనికి తెలియదు, తండ్రి పేరేదో ఇంటిపేరేదో అర్థం కాక ఒకచోట పొడి అక్షరంగా ముందు పెడతాడు, ఇంకోచోట పూర్తిగా రాసి చివర పెడతాడు. ఇంటింటా సైనికులున్న మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లో ఏ నాలుగు ఇళ్ల కాగితాలు తీసినా ఇలాంటి తేడా ఒకటైనా కనిపిస్తుందని పందెం కాస్తాను.

షీట్ రోల్‌లో ఏముందో చూడకుండా అప్లికేషన్ పెట్టకండి. ఇది గట్టిగా చెప్తున్నాను. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ తీసుకుని, మీ రికార్డ్స్ ఆఫీసు పౌర సమాచార అధికారి పేరు మీద సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి, 'నా షీట్ రోల్‌లోని కుటుంబ వివరాల పేజీలు, నా కుటుంబానికి సంబంధించి వెలువడిన పార్ట్ టూ ఆర్డర్ల కాపీలు ధ్రువీకరించి ఇవ్వండి' అని ఒక్క వాక్యం చాలు. పార్ట్ టూ ఆర్డర్ అంటే సైనికుడి వివరాల్లో మార్పుని నమోదు చేస్తూ వెలువడే ఉత్తర్వు. పేజీకి రెండు రూపాయలు అడుగుతారు, 30 రోజుల్లో జవాబు రావాలి. సైనికుడే సంతకం పెట్టాలి, కొడుకులు కూతుళ్లు తమ పేరు మీద పెడితే వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపే అవకాశం ఉంది. దీనివల్ల లాభం ఏంటంటే షీట్ రోల్‌లో పేరు సరిగ్గా ఉండి డిశ్చార్జ్ బుక్‌లోకి ఎక్కించేటప్పుడు తప్పు పడి ఉంటే అది వాళ్ల తప్పు, ఆ కాపీ జత చేస్తే అఫిడవిట్లూ పేపరు ప్రకటనలూ అడిగే పని చాలావరకు ఉండదు. పెన్షన్ లేకుండా బయటికి వచ్చినవాళ్లయితే ఇంకా తొందరపడాలి, వాళ్ల సర్వీసు కాగితాలు 25 ఏళ్లు దాటాక ధ్వంసం చేసేస్తారు.

ఏ రికార్డ్స్ ఆఫీసు అనేది మీ రెజిమెంటు లేదా కోర్ బట్టి ఉంటుంది, ఊరిని బట్టి కాదు. ఏవోసీ (ఆర్మీ ఆర్డనెన్స్ కోర్), ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల కోర్) వాళ్లకి రెండూ సికింద్రాబాద్‌లోనే, మన వాళ్లకి ఇది పెద్ద వెసులుబాటు. ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కి జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్‌కి వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌కి బెంగళూరు, ఏఎంసీకి (ఆర్మీ మెడికల్ కోర్) లక్నో, డీఎస్‌సీకి (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్) కన్నూరు. ఎయిర్‌ఫోర్స్ వాళ్లకి ఢిల్లీ సుబ్రతో పార్క్, నేవీ వాళ్లకి ముంబై మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్. ఆర్మీలో రిటైరై మళ్లీ డీఎస్‌సీలో చేసినవాళ్లకి రెండు సర్వీసు నంబర్లు, రెండు చోట్ల రికార్డులు ఉంటాయి. ఒకచోట దిద్దించి రెండోచోట వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తారు.

ఇక ఉత్తరం. చాలామంది ఇక్కడ 'అయ్యా, నేను దేశానికి ఇన్నేళ్లు సేవ చేశాను' అని మొదలెట్టి రెండు పేజీలు రాస్తారు, చదివే క్లర్కుకి కావాల్సింది మూడో పేజీలో కూడా దొరకదు. ఆఫీసర్ ఇన్‌ఛార్జ్ రికార్డ్స్ పేరు మీద, ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ, పైన సర్వీస్ నంబరు, ర్యాంకు, పేరు, చేరిన తేదీ, డిశ్చార్జ్ అయిన తేదీ, పీపీవో నంబరు, ఫోన్ నంబరు. కింద రెండు గడులు గీసి ఎడమవైపు 'ఇప్పుడు ఉన్నది', కుడివైపు 'ఉండాల్సింది'. నేను అమ్మ పేరు అలా పక్కపక్కన రాసి, ఎగిరిపోవాల్సిన 'దేవి' కింద ఎర్ర పెన్నుతో గీత గీశాను. మూడో వాక్యంలో కారణం, నాలుగో వాక్యంలో పార్ట్ టూ ఆర్డర్ వేసి కారిజెండం పీపీవోకి పంపమని. అంతే.

జత చేయాల్సినవి: డిశ్చార్జ్ బుక్ అన్ని పేజీల జిరాక్స్, పీపీవో, ఇద్దరి ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, జాయింట్ ఫోటో, అఫిడవిట్. స్పెల్లింగ్ తేడా అయితే రెండు పేర్లూ ఒకే మనిషివని భార్యాభర్తలిద్దరూ కలిసి ఇచ్చే అఫిడవిట్ చాలాసార్లు సరిపోతుంది, కానీ నోటరీ దగ్గర చేయిస్తే కొన్ని ఆఫీసులు ఒప్పుకోవు, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ సంతకమే కావాలంటారు. రెండుసార్లు తిరగడం ఎందుకు, మొదటే మేజిస్ట్రేట్ దగ్గర చేయించుకోండి. పేరు మొత్తం మారిపోతే, అంటే పుట్టింటి పేరు ఒకటి, పెళ్లయ్యాక అత్తగారు పెట్టిన పేరు ఇంకొకటి అయితే (పాత తరంలో ఇది మామూలే), పేపర్లో ప్రకటనలు, కొన్నిచోట్ల గెజిట్ కూడా అడుగుతారు.

ఈ కట్ట మొత్తం పట్టుకుని నేరుగా పోస్టాఫీసుకి పోకండి, ముందు మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, ఊళ్లో ఇప్పటికీ సైనిక్ బోర్డు అనే అంటారు. అక్కడి అధికారి సంతకం, స్టాంపు పడితే రికార్డ్స్‌లో ఆ కాగితానికి విలువ వేరు. వాళ్ల కవరింగ్ లెటర్‌తో పంపమని అడగండి, ఇంకో సెట్ మీరు స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకోండి. ఒరిజినల్ డిశ్చార్జ్ బుక్ మాత్రం వాళ్లు ఉత్తరం రాసి అడిగితేనే పంపాలి, అదీ ప్రతి పేజీ కలర్‌లో స్కాన్ చేసుకున్నాకే. ఇంకోటి, మీ పెన్నుతో డిశ్చార్జ్ బుక్‌లో ఒక్క అక్షరం కూడా దిద్దకండి, ఒక అంకుల్ 'ఒక్క హెచ్ కదా' అని బాల్ పెన్నుతో చేర్చేసి, ఆ తర్వాత అది ఫోర్జరీ కాదని నిరూపించుకోవడానికి పడ్డ పాట్లు నేను కళ్లారా చూశాను.

రికార్డ్స్ వాళ్లు ఒప్పుకుంటే పార్ట్ టూ ఆర్డర్ వెలువడుతుంది. దాని నంబరు, తేదీ ఉన్న కాపీ అడిగి తీసుకోండి, ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా మీ ఆయుధం అదే. దాని మీద కారిజెండం పీపీవో వస్తుంది, అది స్పర్శ్‌లో కనిపిస్తుంది. వచ్చిందని సంబరపడకుండా అందులో స్పెల్లింగ్ మళ్లీ చూడండి, కొత్త పీపీవోలో కొత్త తప్పు పడ్డ కేసులు ఉన్నాయి. నెలలు గడిచినా చప్పుడు లేకపోతే కేంద్ర ప్రభుత్వ సీపీగ్రామ్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, స్పీడ్ పోస్ట్ నంబరు వేసి మరీ. మాకు కదలిక వచ్చింది దాని తర్వాతే.

ఒక మాట చెప్తాను, కొంతమందికి నచ్చదు. తేడా చిన్నదై, సైనికుడి కాగితాలన్నింటిలో ఒకే స్పెల్లింగ్ ఉండి, ఆధార్‌లో ఒక్కదాంట్లోనే వేరేగా ఉంటే ఆధార్ మార్చుకోవడమే తేలిక. రికార్డ్స్‌తో ఏడాది పోరాడే బదులు త్వరగా పని అయిపోతుంది. అయితే ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు, అందుకని ముందు బ్యాంకు, పాన్, భూమి పాస్‌బుక్ అన్నీ చూసుకుని ఒక నిర్ణయానికి రండి.

సైనికుడి సొంత పుట్టిన తేదీ సంగతి వేరు. చేరేటప్పుడు ఇచ్చిన పదో తరగతి సర్టిఫికెట్‌లో ఏముందో అదే అంటారు, రిటైరయ్యాక మార్చమంటే దాదాపుగా మార్చరు. జనరల్ వి.కె. సింగ్ ఆర్మీ చీఫ్‌గా ఉండగా తన పుట్టిన సంవత్సరం 1950 కాదు 1951 అని 2012 జనవరిలో సుప్రీంకోర్టుకి వెళ్లారు, మెట్రిక్ సర్టిఫికెట్‌లో 1951 ఉంది, నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) కోసం నింపిన ఫారంలో 1950 ఉంది, సైన్యంలోనే రెండు శాఖల దగ్గర రెండు సంవత్సరాలు నడిచాయి. ఫిబ్రవరిలో పిటిషన్ వెనక్కి తీసుకున్నారు, మే 31న రిటైరయ్యారు. చీఫ్‌కే అలా అయితే జులై ఒకటి అని బడిలో పంతులు గారు వేసిన తేదీతో మనం ఎంత దూరం వెళ్తాం చెప్పండి. సర్టిఫికెట్‌లో ఒకటుండి డిశ్చార్జ్ బుక్‌లో అంకె తారుమారైతే మాత్రం తప్పకుండా పట్టుబట్టండి, అది రాతలో పొరపాటే. భార్య పుట్టిన తేదీ ఇంత కష్టం కాదు, సరైన కాగితం చూపిస్తే దిద్దుతారు.

డిశ్చార్జ్ కారణం, క్యారెక్టర్ కాలమ్, మెడికల్ కేటగిరీ లాంటివి తప్పనిపిస్తే ఈ పద్ధతి పనికిరాదు. అవి అక్షర దోషాలు కావు, ఎవరో అధికారి తీసుకున్న నిర్ణయాలు, వాటి మీద రిప్రజెంటేషన్ లేదా అప్పీలు పెట్టుకోవాలి. ఆరు నెలలైనా జవాబు రాకపోతే, లేదా కాదని జవాబు వస్తే, ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు, మన రెండు రాష్ట్రాల వాళ్లకి చెన్నై బెంచ్. కాదన్న ఉత్తర్వు వచ్చాక ఆరు నెలల్లోపు వెళ్లాలి, ఆ తేదీ దాటనివ్వకండి. ఇక్కడ మాత్రం సర్వీస్ కేసులు చూసే లాయర్ ఉండాలి. పేరు దిద్దించడానికి లాయరూ వద్దు, 'నేను చేయిస్తా, పదివేలివ్వండి' అనే మధ్యవర్తీ వద్దు.

పిల్లల పేర్లు కూడా ఇప్పుడే చూడండి. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో క్యాప్ కోటా (సైనికుల పిల్లల కోటా) సీటుకి వెళ్లినప్పుడు పిల్లాడి పేరు రికార్డుల్లో వేరేగా ఉంటే ఆ వారంలో దిద్దించడం ఎవరి తరమూ కాదు. దివ్యాంగులైన పిల్లలుంటే మరీ ముఖ్యం, తల్లిదండ్రుల తర్వాత ఫ్యామిలీ పెన్షన్ వాళ్లకి రావాలంటే రికార్డుల్లో పేరుండాలి. అన్నిటికంటే ముందు భార్య పేరు. ఆయన ఉండగా అయితే ఒక సంతకంతో నడిచే పని, ఆయన పోయాక అదే పనికి ఆవిడ తన పెళ్లి జరిగిందని, తానే ఆ భార్యనని సాక్ష్యాలతో చెప్పుకోవాల్సి వస్తుంది, అదీ పెన్షన్ ఆగిపోయి ఉన్న రోజుల్లో. అందుకే ఈ ఆదివారం నాన్నగారిని కూర్చోబెట్టి ఆ పుస్తకం బయటికి తీయించండి.

అన్నట్టు, చిరిగిపోతోందని డిశ్చార్జ్ బుక్‌ని లామినేషన్ చేయించకండి. రికార్డ్స్ వాళ్లు దిద్దాలంటే కాగితం మీద రాయాలి, స్టాంపు వేయాలి. మాది వెళ్లి తిరిగొచ్చినప్పుడు 'దేవి' మీద ఒక ఎర్ర గీత, పక్కన పార్ట్ టూ ఆర్డర్ నంబరు, పొట్టి సంతకం, గుండ్రటి ఊదా రంగు స్టాంపు. అమ్మ ఆ గీత కేసి చూసి, "పోనీలే, కొన్నాళ్లు దేవినయ్యాను" అంది.