మలం ఆపుకోలేనివాళ్లకు నరం స్టిమ్యులేటర్: పరీక్ష వారాల్లో ఏం రాయాలి, ఏం చేయకూడదు

శాక్రల్ నరం స్టిమ్యులేటర్ అంటే మలద్వారాన్ని నడిపే నడుము కింది నరానికి సన్నగా కరెంటు ఇచ్చే యంత్రం. దాన్ని ఒకేసారి లోపల పెట్టేయరు. ముందు నడుము కింద, త్రికాస్థి ఎముకలోని మూడో రంధ్రం (ఎస్3) గుండా సన్నటి తీగ వేసి, బయట బెల్టుకు చిన్న యంత్రం తగిలించి 2, 3 వారాలు చూస్తారు. లీకులు సగానికి సగం తగ్గితేనే బ్యాటరీ పిరుదు పైభాగంలో చర్మం కింద పెడతారు. ఆ లెక్క తేలేది మీ నోట్‌బుక్కులోనే.

ఇదంతా ఇసబ్‌గోల్ (పీచు పొడి), లోపెరమైడ్ (విరేచనాలు తగ్గించే మాత్ర), కటి కండరాల వ్యాయామం సరిగ్గా చేసి చూశాకే. కాన్పులో మలద్వారం కండరం చినిగిందా, ఫిస్టులా (భగందరం) ఆపరేషన్‌లో దెబ్బతిందా అని తెలియాలంటే ఎండోఏనల్ అల్ట్రాసౌండ్ (మలద్వారం లోపలి నుంచి తీసే స్కాన్), మానోమెట్రీ (కండరం బిగువు కొలిచే పరీక్ష) కూడా ముందే అవసరం. తిరుపతిలో చూపించుకున్నా, వేలూరు వెళ్లినా ఇదే వరుస.

తీగ వేయడానికి ముందు 2 వారాలు రాయండి: టైము, గట్టిదా నీళ్లగానా మరకేనా, అర్జంటు తెలిసిందా, ఎన్ని నిమిషాలు ఆపగలిగారు, ప్యాడ్ మార్చారా. రాత్రి గుర్తు తెచ్చుకుని రాస్తే సగం తప్పుతాయి, అప్పటికప్పుడే రాయండి. ముందు 2 వారాల్లో 14 లీకులుంటే, పరీక్ష 2 వారాల్లో 7కి దిగాలి.

ఎక్కువమంది లెక్క చెడగొట్టుకునేది తిండి దగ్గర. భయంతో పొద్దున తినడం మానేస్తారు, లీకు తగ్గుతుంది, పేరు యంత్రానికి పోతుంది. సంగటి, పప్పు, పెరుగన్నం ఎప్పట్లాగే తినండి. మందుల మోతాదూ మార్చొద్దు.

పరీక్ష వారాల్లో తల మీదుగా స్నానం వద్దు, తడిగుడ్డతో తుడుచుకోండి. మన ఎండకు చెమటపట్టి ప్లాస్టర్ ఊడుతుంది, అదనంగా ఇంట్లో పెట్టుకోండి. నడుము వంచి మెలితిప్పడం, బిందె ఎత్తడం, గొంతుక్కూర్చోవడం తగ్గించండి. అలిపిరి 3,550 మెట్లు ఇప్పుడు కాదు! మలద్వారం దగ్గర చిన్నగా తట్టినట్టుండాలి. అది కాలిలోకి జారినా, ఉన్నట్టుండి ఆగినా తీగ కదిలి ఉండొచ్చు. కరెంటు పెంచుకుంటూ పోకుండా ఆసుపత్రికి ఫోన్ చేయండి.

లీకుల సంఖ్యతో పాటు జీవితం కూడా లెక్కే. మలం ఆపుకోలేకపోవడం ఎంత తీవ్రమో కొలిచే వెక్స్‌నర్ స్కోరు 0 నుంచి 20 దాకా. అందులో 5 ప్రశ్నల్లో ఒకటి బతుకు తీరు ఎంత మారిందన్నదే. మీ సొంత జాబితా కూడా రాయండి: తిరుమల దర్శనం కంపార్ట్‌మెంట్లో కూర్చోగలరా, పెళ్లి భోజనం పంక్తిలో తినగలరా, చిత్తూరు బస్సు ఎక్కగలరా. లీకులు 14 నుంచి 6కి తగ్గినా గడప దాటకపోతే, ఆ మాటా డాక్టరుకు చెప్పాలి.

బ్యాటరీ పెట్టాక ఇంప్లాంట్ కార్డు ఎప్పుడూ దగ్గరుండాలి. అలిపిరి తనిఖీలో ముందే చూపించి, చేతి డిటెక్టర్‌ను పిరుదు మీద ఆపొద్దని చెప్పండి. ఎంఆర్ఐ అంటే మోడల్ చూపించి అడగాలి. ఫిజియోథెరపీలో షార్ట్‌వేవ్ డయాథర్మీ (రేడియో తరంగాలతో వేడి పెట్టే చికిత్స) మాత్రం అస్సలు వద్దు: తీగ కొస దగ్గర వేడెక్కి నరం కాలుతుంది.

మలద్వారం చుట్టూ నీటి కఫ్ (నీటితో ఉబ్బే పట్టీ) బిగించే కృత్రిమ కండరం గురించీ వింటారు. ఇన్‌ఫెక్షన్ వచ్చి, చర్మం ఒరుసుకుపోయి తీసేయాల్సి రావడం దాంట్లో ఎక్కువ.