చిల్లరలో అరుదైన నాణెం ఉందా? బొమ్మ కాదు, ఏడాది అంకెల కింద చూడండి

వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ళకు లక్షలిస్తామనే వీడియో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఏడాదికి రెండుసార్లయినా తిరుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేనూ ఆశపడి, చెన్నై పెరంబూరులో మా ఇంటి దేవుడి గూట్లో ఉన్న చిల్లర ముంత బోర్లించాను. ఆ బిళ్ళలు నాలుగు దొరికాయి. ఒక్క ముంతలోనే నాలుగున్నాయంటే అది అరుదైనది కాదని అప్పుడే వెలగాల్సింది. 2012లో వేసిన ఆ నాణేలు కూరగాయల బండి దగ్గర ఇప్పటికీ కనబడుతూనే ఉంటాయి.

ఆ రోజు మొదలైన పిచ్చి ఇంకా వదల్లేదు. మీరూ ముంత బోర్లించాలనుకుంటే ఇలా చేయండి.

ముందు గుట్టలు పోయండి

పగటి వెలుతురులో, టేబుల్ మీద మెత్తని గుడ్డ పరిచి కూర్చోండి. ఒక భూతద్దం చాలు, లేదంటే ఫోన్ కెమెరా జూమ్ చేసుకోండి. విలువను బట్టి, తర్వాత ఏడాదిని బట్టి వేరు చేయండి. పావలా, అంతకన్నా చిన్న పైసలు 2011 జూన్ 30 నుంచి చెల్లవు. చెల్లనంత మాత్రాన వాటికి గిరాకీ వచ్చేయదు, లెక్కలేనన్ని ఇళ్ళలో మూలుగుతున్నాయి. అర్ధరూపాయి ఇంకా చెల్లుతుంది, తీసుకునే కొట్టు దొరకడమే కష్టం.

ఏడాది అంకెల కింద ఏముంది?

అసలు పని ఇక్కడే. ఏడాది అంకెల కింద చిన్న గుర్తు ఉంటుంది, నాణెం ఏ టంకశాలలో, అంటే నాణేలు వేసే ఏ చోట, తయారైందో అది చెబుతుంది. దాన్నే మింట్ మార్క్ అంటారు. డైమండ్ ఉంటే ముంబై, నక్షత్రం ఉంటే మన హైదరాబాద్, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. ఏమీ లేకపోతే కోల్‌కతా. గుర్తు లేదని నాణెం తప్పుగా పడిందని సంబరపడేవాళ్ళు చాలామంది, నేనూ ఆ బాపతే. చెన్నైలో ఇప్పుడు టంకశాల లేదు. సౌకార్‌పేటలో మింట్ స్ట్రీట్ అన్న పేరు మాత్రం మిగిలింది. తమిళంలో దాన్ని తంగసాలై అంటారు, మన టంకశాలకు చుట్టం లాంటి మాట.

ఒకే ఏడాది, ఒకే బొమ్మ ఉన్నా ఒక టంకశాల కోట్లలో వేసి, మరొకటి కొద్దిగానే వేసి ఉండొచ్చు. అందుకే ఏడాదినీ గుర్తునూ జంటగా రాసుకుని, న్యూమిస్టా లాంటి నాణేల సైట్‌లో ఆ జంట కోసమే వెతకండి. ఏడాది ఒక్కటే చూసి ధర కట్టేవాళ్ళ మాట నమ్మకండి.

వింత గుర్తులూ తగులుతాయి. చిల్లర కొరత తీర్చడానికి మన ప్రభుత్వం 1985లోనూ, మళ్ళీ 1997 నుంచి కొన్నేళ్ళూ విదేశాల్లో నాణేలు వేయించింది. 1985 రూపాయి మీద హెచ్ అక్షరం ఉంటే అది ఇంగ్లండ్‌లోని హీటన్ మింట్‌ది. ఎంకె అంటే స్లొవేకియా, ఎంఎండి అంటే మాస్కో, ఎం మీద చిన్న సున్నా ఉంటే మెక్సికో. మన రూపాయి మెక్సికోలో పుట్టి పెరంబూరు టీ కొట్టుకు చేరిందంటే నాకు ఇప్పటికీ ముచ్చటే. దాచుకోండి, కానీ లక్షలు ఆశించకండి.

బొమ్మా బొరుసూ తిప్పి చూడండి

నాణేన్ని పైనా కిందా రెండు వేళ్ళతో పట్టుకుని బొంగరంలా తిప్పండి. స్వతంత్ర భారత నాణెమైతే రెండో వైపు కూడా నిటారుగానే కనబడాలి. పక్కకు వాలినా, తలకిందులుగా ఉన్నా అచ్చు తిరిగిపోయిందన్నమాట. నాణేలు సేకరించేవాళ్ళు వీటిని దాచుకుంటారు. కొద్దిగా వాలితే పెద్దగా లెక్కలోకి రాదు.

ముద్ర పక్కకు జరిగి ఒక వైపు ఖాళీగా మిగిలినవీ, ఒక వైపు బొమ్మే రెండో వైపు అద్దంలోలా గుంటగా పడినవీ నిజమైన ఎర్రర్ కాయిన్లు, అంటే టంకశాలలోనే తప్పుగా పడినవి. ముందు వేసిన నాణెం అచ్చుకు అతుక్కుపోయి, తర్వాతి బిళ్ళ మీద నొక్కుకుంటే అలా గుంట బొమ్మ పడుతుంది. రైలు పట్టాల మీద పెట్టి చదును చేసినది, సుత్తి దెబ్బ తిన్నది, అంచు ఆకురాయితో రాసినది దెబ్బతిన్న నాణేలే. రెండు వైపులా బొమ్మే ఉందంటే ముందు అంచు లోపల అతుకు కోసం చూడండి, గారడీ వాళ్ళ సరుకు అయ్యుండొచ్చు.

పనిలో పనిగా అయస్కాంతం కూడా పెట్టండి. 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి అతుక్కుంటుంది. 2004 దాకా వచ్చిన పదకొండు మూలల రెండు రూపాయలు రాగి, నికెల్ కలిపినవి, అతుక్కోవు. ఏడాదికీ లోహానికీ పొంతన లేకపోతే తూకం కూడా చూడాలి.

కడగొద్దు, తోమొద్దు

మా మేనమామ దగ్గర ఐదో జార్జి వెండి రూపాయి ఉండేది. పండగకి ఇత్తడి సామానుతో పాటు దాన్నీ చింతపండు, బూడిద పెట్టి తోమేశారు. తళతళా మెరిసింది. చెన్నై ప్యారిస్ కార్నర్‌లో ఒక కొట్టుకు తీసుకెళ్తే, కొట్టతను భూతద్దంతో ఒక్కసారి చూసి, "ఎవరు సార్ దీన్ని తోమింది?" అన్నాడు తెలుగులోనే. నిండా సన్నటి గీతలు. వెండి తూకానికి వచ్చే డబ్బే ఇస్తానన్నాడు. నలుపు ఉంటే ఉండనివ్వండి. అంచులు పట్టుకుని, విడిగా కాగితం కవర్లో పెట్టండి.

పాతదైతే

పాత అంటే అరుదు కాదు. విక్టోరియా రాణి 1862 రూపాయి మీద ఆ ఏడాది ముద్రనే చాలా ఏళ్ళు వాడారు, అందుకే అవి బాగానే దొరుకుతాయి. ఆరో జార్జి 1939 రూపాయి మాత్రం నిజంగా అరుదు, అందుకే నకిలీలూ ఎక్కువ. ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1818 అని వేసి, రామదర్బారు ఉన్న రాగి బిళ్ళలు కంపెనీ వేసినవి కావు. అవి పూజకో అమ్మకానికో చేసినవి. బ్రిటిష్ కాలపు అణా బిళ్ళ దొరికితే విలువ రాసిన చోట చూడండి, నాలుగు లిపుల్లో మన తెలుగూ ఉంటుంది. ధర కొద్దిగానే, అయినా నేను అమ్మను.

ధర తెలుసుకోవాలంటే

ఆన్‌లైన్‌లో అడుగుతున్న ధర ఎంతైనా ఉండొచ్చు. వేలంలో నిజంగా అమ్ముడైన ధరే చూడండి, అదీ మీ నాణెంలా అరిగిన దానిదే. తర్వాత కనీసం ఇద్దరు డీలర్లకు చూపించండి. వెళ్ళే ముందు ఎగ్మోర్ మ్యూజియంలో నాణేల విభాగం ఒకసారి చూస్తే అసలు పాతదనం ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది.

ముందు రిజిస్ట్రేషన్ ఫీజో, జీఎస్టీయో కడితే లక్షలు పంపుతామనే ఫోన్ వస్తే పెట్టేయండి. రిజర్వ్ బ్యాంకు పేరు, లోగో వాడి ఇలా డబ్బు గుంజుతున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. నాణేల లావాదేవీలకు తాము కమీషన్ అడగమని కూడా చెప్పింది. ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే, టెన్షన్ పడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబర్ 1930కి ఫోన్ చేయండి.