వెడల్పు రిమ్ముల ఎంపిక – అయిదవ పాఠం: లోపలి అంచు ఎంత దూరం వస్తుంది?

నాలుగవ పాఠం చివర ఇచ్చిన లెక్కకు పదకొండు జవాబులు అందాయి. వాటిలో ఎనిమిది తప్పు. ఎనిమిదింటిలోనూ తప్పు ఒక్కచోటే దొర్లింది కనుక, అది మీ శ్రద్ధలో లోపం కాదు, నా పాఠంలో లోపమేనని గ్రహించాను. ఈ వారం టైర్ల గురించి చెప్పదలచినదాన్ని చాలావరకు పక్కనబెట్టి, ముందు ఆ తప్పును సరిచేస్తాను.

లెక్క ఇది: 15 అంగుళాల వ్యాసం, 8 అంగుళాల వెడల్పు, సున్నా ఆఫ్‌సెట్ (అంటే రిమ్ము నడిగీత, హబ్‌కు ఆనే ముఖం ఒకేచోట) ఉన్న నకలు అల్లాయ్ రిమ్మును డాట్సన్ 240జెడ్ అనే పాత జపాన్ కారుకు బిగిస్తే, హబ్‌కు (చక్రం బిగించే ఇరుసు తలకు) ఆనే ముఖం నుంచి రిమ్ము లోపలి అంచు ఎంత దూరంలో ఉంటుంది? ఎనిమిదిలో సగం నాలుగు కనుక 101.6 మిల్లీమీటర్లని ఎక్కువమంది రాశారు. సరైన జవాబు సుమారు 114 మిల్లీమీటర్లు. ఈ పదమూడు మిల్లీమీటర్ల తేడాతోనే చక్రం స్ట్రట్‌కు, అంటే దాని లోపలి పక్కన నిలబడి ఉండే సస్పెన్షన్ గొట్టానికి, తగలకుండా తిరుగుతుందా, రాసుకుంటుందా అన్నది తేలిపోతుంది.

గుణుపురం నుంచి ఒక తమ్ముడు అందరికన్నా ఒక అడుగు ముందుకు వేసి, అరువు తెచ్చిన రిమ్మును నేలమీద బోర్లించి, పైన స్కేలు అడ్డంగా పెట్టి కొలిచాడు. "మాస్టారూ, రిమ్ము మీద ఆఫ్‌సెట్ సున్నా అని పోతలోనే ఉంది, నా లెక్కలో పదమూడు వస్తోంది, వీళ్లు అంకె తప్పు వేశారా?" అని అడిగాడు. అంకె తప్పు కాదు. అతని కొలతా తప్పు కాదు. సగం చేసిన వెడల్పు మాత్రం తప్పు.

రిమ్ము వెడల్పు ఎనిమిది అంగుళాలని రాసి ఉంటే, అది రిమ్ము ఒక అంచు నుంచి మరో అంచుకు ఉన్న దూరం కాదు. టైరు బీడు (దాని గట్టి లోపలి అంచు) వచ్చి కూర్చునే రెండు చోట్ల మధ్య దూరం అది. అంటే టైరు లోపలి నుంచి చూస్తే, గట్టులా నిలబడిన అంచుల లోపలి ముఖాల మధ్య దూరం. ఆ గట్లకు కూడా మందం ఉంటుంది. ఒక్కో వైపు సుమారు అర అంగుళం, అంటే పన్నెండు పదమూడు మిల్లీమీటర్లు. కనుక ఎనిమిది అంగుళాల రిమ్మును బయటి అంచుల మధ్య టేపు పెట్టి కొలిస్తే తొమ్మిది అంగుళాలు, దాదాపు 228 మిల్లీమీటర్లు వస్తుంది. దుకాణంలో తొమ్మిది వచ్చిందని సంతోషించి తొమ్మిది అంగుళాల రిమ్ము డబ్బు చెల్లించినవారిని నేను చూశాను.

రిమ్ము నడిగీత మాత్రం ఎలా కొలిచినా మారదు, ఎందుకంటే గట్టు మందం రెండు వైపులా సమానం. ఆఫ్‌సెట్ అనేది ఆ నడిగీత నుంచి హబ్‌కు ఆనే ముఖానికి ఉన్న దూరం. ముఖం బయటి వైపుకు జరిగి ఉంటే ప్లస్, లోపలి వైపుకు జరిగి ఉంటే మైనస్. కనుక ఆఫ్‌సెట్ అంకె ఈ గందరగోళంలో చెడదు. లోపలి అంచు నుంచి ముఖానికి ఉన్న దూరం, అంటే గ్యారేజీల్లో బ్యాక్‌స్పేస్ అనే కొలత, ఇదే చెడుతుంది. ఆ తమ్ముడు 114 కొలిచి, అందులోంచి 101.6 తీసివేశాడు, పన్నెండున్నర మిగిలింది. టేపు మీద వచ్చిన 228లో సగం తీసివేస్తే సున్నాయే వచ్చేది. అంచు నుంచి కొలిచిన దూరంలోంచి అంచుల మధ్య వెడల్పులో సగాన్నే తీసివేయాలి, రిమ్ము మీద రాసిన వెడల్పులో సగాన్ని కాదు.

ఈ ఒక్క విషయం మీద ఇంతసేపు ఎందుకు నిలిచానో చెప్పాలి. మస్కట్‌లో నేను పనిచేసిన గ్యారేజీకి ఒక 240జెడ్ వచ్చింది. యజమానికి వెనుక చక్రాలు వెడల్పుగా కావాలి. స్ట్రట్ వరకు 118 మిల్లీమీటర్ల చోటు ఉందని నేనే కొలిచాను. ఎనిమిది అంగుళాలు, ప్లస్ 8 ఆఫ్‌సెట్ అయితే 109.6 అవుతుంది, ఎనిమిది మిల్లీమీటర్ల పైచిలుకు ఖాళీ మిగులుతుందని నమ్మి తెప్పించాను. నిజానికి అది 122కు పైగా వచ్చి స్ట్రట్‌కు తగిలింది. అప్పుడు స్పేసర్ (హబ్‌కూ రిమ్ముకూ మధ్య పెట్టే బిళ్ల) పెట్టి నడిపించారు. స్పేసర్‌తో నట్టుకు పట్టు తగ్గింది. నెల తిరగకుండా ఒక స్టడ్డు (నట్టు ఎక్కే బోల్టు) విరిగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ రిమ్ములు ఎంచింది నేను కనుక ఆ తప్పు మీ చేత జరగకూడదని నా పట్టుదల.

ఇప్పుడు 240జెడ్ సంగతి చూద్దాం. ఇది 1969లో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్ పేరుతో వచ్చిన బండి. ఫ్యాక్టరీ ఇచ్చిన ఉక్కు రిమ్ము 14 అంగుళాల వ్యాసం, నాలుగున్నర అంగుళాల వెడల్పు; టైరు 175. నాలుగు స్టడ్లు, పీసీడీ, అంటే ఆ స్టడ్ల నడుముల గుండా గీసిన వలయం వ్యాసం, 114.3 మిల్లీమీటర్లు. నాలుగు రంధ్రాలే కదా అని హోండా సిటీ రిమ్ము తెచ్చి పెట్టవద్దు, దానిది 100. స్టడ్డు మర ఎం12 (12 మిల్లీమీటర్ల వ్యాసం), పిచ్ (మర చుట్ల మధ్య దూరం) 1.25. మన మారుతి బండ్లదీ అదే మర, టయోటా, హోండా నట్లు మాత్రం 1.5.

నాలుగున్నర నుంచి ఎనిమిదికి వెళ్లడమంటే మూడున్నర అంగుళాలు, దాదాపు 89 మిల్లీమీటర్ల కొత్త వెడల్పును లోపలికీ బయటికీ పంచడం. ఈ పంపకం చేసేది ఆఫ్‌సెట్. ఏడు అంగుళాలు, సున్నా ఆఫ్‌సెట్ అయితే ముఖం నుంచి రెండు వైపులా 101.6. ఎనిమిది, సున్నా అయితే రెండు వైపులా 114.3. ఎనిమిది, ప్లస్ 10 అయితే లోపలికి 124.3, బయటికి 104.3. ఎనిమిది, మైనస్ 10 అయితే లోపలికి 104.3, బయటికి 124.3. చివరిదాన్ని ఏడు అంగుళాలదానితో పోల్చి చూడండి: లోపల మూడు మిల్లీమీటర్లు కూడా పెరగలేదు, బయట మాత్రం దాదాపు 23 పెరిగింది. లోపల స్ట్రట్‌కు దూరంగా ఉండాలని మైనస్ వైపు జరిగినవారు ఫెండరు అంచును మడవవలసి రావడం ఇందువల్లే. పైగా ఈ బండికి పవర్ స్టీరింగ్ లేదు. ముందు చక్రం ఎంత బయటికి జరిగితే స్టీరింగ్ అంత బరువెక్కుతుంది, హబ్ బేరింగ్ మీద భారమూ పెరుగుతుంది.

నా ఎంపిక అడిగితే, ఫెండర్లు ముట్టుకోని బండికి నాలుగు వైపులా 15 అంగుళాల వ్యాసం, ఏడు అంగుళాల వెడల్పు, సున్నా ఆఫ్‌సెట్, 205/60 టైరు (వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 60 శాతం). ఆ టైరు మొత్తం వ్యాసం 627 మిల్లీమీటర్లు, పాత 175 టైరుకు దగ్గరగా ఉంటుంది, స్పీడోమీటరు పెద్దగా తప్పదు. ఎనిమిది వెనుక చక్రాలకే, అదీ కొలిచిన తరువాతే.

టైరు పొట్టను మరవకూడదు. 205/60 టైరు వెడల్పు 205 అనేది సుమారు ఆరు అంగుళాల రిమ్ము మీద వచ్చే అంకె. రిమ్ము అర అంగుళం పెరిగినప్పుడల్లా పొట్ట సుమారు అయిదు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఏడు మీద అది కనీసం 215. రిమ్ము అంచుల మధ్య 203 కనుక, ఒక్కో వైపు కనీసం ఆరు మిల్లీమీటర్లు టైరే ముందుంటుంది. అందుకని లోపలి చోటును రెండు ఎత్తుల్లో కొలవండి: రిమ్ము అంచు ఉండే ఎత్తులో స్ట్రట్ గొట్టం వరకు, టైరు భుజం ఉండే ఎత్తులో స్ప్రింగు కింది పళ్లెం వరకు. రెండింటిలో తక్కువదే మీ అంకె.

నకలు రిమ్ము చేతికి వచ్చాక చూడవలసినవి కొన్నే. వటనబే అనే జపాన్ రిమ్ముల కంపెనీ తరహా ఎనిమిది కాడల డిజైను చాలామంది పోత పోస్తారు. బొమ్మ ఒకటే అయినా లోహం ఒకటి కాదు. జేడబ్ల్యూఎల్ గుర్తు జపాన్ ప్రమాణానికి తగినట్లు చేశామని తయారీదారు తానుగా వేసుకునేది, వీఐఏ గుర్తు పక్కనుంటే ఆ పరీక్ష నమోదైందని అర్థం. ఈ గుర్తులు, గరిష్ఠ బరువు అంకె పోతలోనే ఉండాలి, స్టిక్కరు మీద కాదు. నట్టు కూర్చునే గుంట శంకువులా ఉందా, నిటారు గొట్టంలా ఉందా చూసి దానికి తగిన నట్టే వాడాలి. బిగించేటప్పుడు చేత్తో తిప్పిన చుట్లు లెక్కపెట్టండి. ఈ మరకు పది చుట్లు పట్టాలి. ఎనిమిదిలోపు ఆగిపోతే ఆ బండిని నేను రోడ్డెక్కనివ్వను.

అభ్యాసానికి 240జెడ్ అక్కరలేదు. పర్లాకిమిడిలోనైనా, రాయగడలోనైనా మీకు దొరికే ఏ కారైనా చాలు. జాకీ మీద మాత్రమే ఆనించి చక్రం తీయవద్దు, స్టాండు పెట్టండి. నాలుగు హబ్‌ల దగ్గరా పైన చెప్పిన రెండు లోపలి కొలతలు, బయట ఫెండరు అంచు వరకు ఒక కొలత తీసుకోండి. తరువాత చక్రాలు బిగించి, డిక్కీలో పాతిక కిలోల బియ్యం బస్తాలు ఆరు, వెనుక సీటులో ఇద్దరు మనుషులను ఎక్కించి వెనుక చక్రాల బయటి కొలత మళ్లీ తీసుకోండి. ముందు చక్రాలను రెండు వైపులా పూర్తిగా తిప్పి ఆ కొలతలూ రాయండి. సాలూరు దాటి కొరాపుట్ వైపు ఘాటీ ఎక్కే బండికి వంపులో బరువూ తిప్పుడూ ఒకేసారి పడతాయి కనుక, ఖాళీ బండిని సమతలం మీద కొలిచిన అంకె చాలదు. టేపు దూరనిచోట రెండు వేళ్ల మందం చపాతీ పిండి ముద్ద అంటించి, వాకిట్లో నెమ్మదిగా ఒక చుట్టు నడిపి, నలిగిన ముద్ద మందం కొలవండి. ఎనిమిది మిల్లీమీటర్లు మిగలనిచోటును ఎర్ర సిరాతో గుర్తించండి.

ఆ కొలతలతో, మీ బండికి సరిపోయే అతి వెడల్పు రిమ్ము ఏదో, దాని ఆఫ్‌సెట్ ఎంతో లెక్కగట్టి, లెక్క మొత్తం అడుగడుగునా రాసి పంపండి. జవాబు అంకె ఒక్కటే పంపితే దిద్దలేను. గుణుపురం తమ్ముడు ఆ అరువు రిమ్మును తిరిగి ఇచ్చే ముందు మరోసారి కొలిచి, 228లో సగంతో లెక్క వేసి చూపాలి.