ఫోన్ పాఠాలు, నాలుగోది: డిలీట్ కొడితే ఎక్కడికి పోతుంది?

ఈ వారం క్లాసులో ఫోన్ వాడకం గురించి రాద్దామనుకున్నాను. పోయిన పాఠం తెచ్చిపెట్టిన తంటా ముందు తీరితే గానీ అటు వెళ్లలేను, అందుకని అది చివర్లో కాస్తే ఉంటుంది.

మూడో పాఠంలో నేను చెప్పింది ఒక్క పని. ఆదివారం పిల్లల పక్కన కూర్చుని వాళ్ల ఫోన్లో ప్రైవసీ సెట్టింగులు కలిసి చూడండి అని. ఆ ‘కలిసి’ అన్న మాట ఎంతమందికి కనబడలేదో సోమవారం సాయంత్రానికి తెలిసొచ్చింది. గుంటూరు కొరిటెపాడులో ఒక తల్లి, అబ్బాయి స్నానానికి వెళ్లిన సందు చూసుకుని వాడి క్లాసు వాట్సాప్ గ్రూపు మొత్తం మూడు నెలల వెనక్కి చదివేశారట. ఇంకొకాయన ఫోన్ కొట్టుకి పట్టుకుపోయి గల్లాపెట్టెలో పెట్టి తాళం వేశారు. మరొకావిడ, కూతురు ‘చచ్చాను’ అని రాసిందని చూసి రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేశారు. కింద మెసేజ్ చూడండమ్మా అన్నాను. ‘రికార్డు ఒక్క పేజీ రాయలేదు’ అని ఉంది.

తప్పు నాది కూడా. సెట్టింగులు అంటే సెట్టింగులే, చాట్లు కాదు అని విడిగా రాయాల్సింది. చాట్లు తెరవడం వేరే పాఠం, దానికి ముందు పిల్లలతో ఒప్పందం ఉండాలి.

మరి పిల్లలేం చేశారు? సోమవారం మా ట్యూషన్‌కి వచ్చిన పదిహేడు మందిలో నాతో సరిగ్గా మాట్లాడింది ముగ్గురు. మిగిలినవాళ్లు ‘అంతా మీ వల్లే సార్’ అన్న ముఖాలు పెట్టుకుని కూర్చున్నారు. అందరూ కలిసి ఒకే మందు కనిపెట్టారని కూడా అప్పుడే తెలిసింది. అమ్మ చూసే లోపు డిలీట్ కొట్టెయ్యడం. ఈ మందు మీద వాళ్లకున్న నమ్మకం చూస్తే నాకు ఒళ్లు మండింది, కాబట్టి ఈ పాఠం దాదాపు అంతా దీని గురించే. ఫోన్‌కి లాక్ పెట్టుకోవడం, ఓటీపీ ఎవరికీ చెప్పకపోవడం, ఇలాంటివి మళ్లీ రాయను. తెలియనివాళ్లు మొదటి పాఠానికి వెళ్లి రండి.

ముందు పెసరట్టు సంగతి చెప్తాను. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు, రాత్రి తొమ్మిదింటికి క్లాసు గ్రూపులో వాళ్ల సైన్సు సారుని ‘పెసరట్టు’ అన్నాడు. ఆయన ఆకుపచ్చ చొక్కాలు ఎక్కువ వేస్తారు, అంతకు మించి ఏమీ లేదు. ఆ గ్రూపులో నలభై ముగ్గురున్నారు. వెంటనే భయమేసి, అందరి ఫోన్లలోంచీ తీసేసే డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టేశాడు, నిమిషం కూడా పట్టలేదు. మాట పోయింది కానీ దాని స్థానంలో, మెసేజ్ డిలీట్ అయిందని చెప్పే ఆ బూడిదరంగు లైను మిగిలింది. అప్పటిదాకా ఫోన్ పక్కన పడేసి అన్నం తింటున్నవాళ్లు కూడా ‘ఏంట్రా అది, ఏం పెట్టావ్’ అని మొదలెట్టారు. పది నిమిషాల్లో ఒకడు ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తెచ్చి అదే గ్రూపులో పెట్టాడు. తెల్లారి స్కూలు బస్సులో డ్రైవర్‌తో సహా అందరూ పెసరట్టు అంటున్నారు. డిలీట్ చేయకుండా వదిలేసి ఉంటే హోంవర్కు ప్రశ్నల కింద పడి ఎవరికీ కనపడకుండా పోయేది.

వాళ్లమ్మగారు నన్ను అడిగిన ప్రశ్న ఇది: ‘సార్, మావాడు తీసేశాడు కదా, ఆ పిల్లాడికి ఎలా దొరికింది?’

ఇలా దొరికింది. ఆండ్రాయిడ్ 11 నుంచీ ఫోన్లలో నోటిఫికేషన్ హిస్టరీ అని ఒకటుంది. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌లోకి వెళ్తే కనబడుతుంది, కనబడకపోతే సెట్టింగ్స్ పైన వెతికే గడిలో ఆ పేరు కొట్టండి. అది ఆన్ చేసి ఉంటే గత 24 గంటల్లో స్క్రీన్ మీదికి వచ్చిన నోటిఫికేషన్లను ఫోన్ విడిగా దాచుకుంటుంది. వాట్సాప్ తన పెట్టెలోంచి మెసేజ్ తీసేస్తుంది, ఈ పెట్టె మీద దానికి అధికారం లేదు. ఇది దొంగ యాప్ కాదు, హ్యాకింగ్ కాదు, ఫోన్‌తో పాటే వచ్చిన సదుపాయం.

ఇక్కడ ఆగి, అసలు డిలీట్ ఫర్ ఎవ్రీవన్ అంటే ఏమిటో చూడండి. మీరు సెండ్ నొక్కగానే మీ మాట నలభై రెండు ఫోన్లకి చేరింది. ఇప్పుడు అది నలభై రెండు మంది వస్తువు. డిలీట్ నొక్కితే మీరు వెనక్కి లాక్కోవడం లేదు, ఆ నలభై రెండు ఫోన్లలోని వాట్సాప్‌కి ‘బాబూ, దయచేసి అది తీసెయ్’ అని ఇంకో కబురు పంపుతున్నారు. ఈలోగా చదివినవాడు చదివాడు, స్క్రీన్‌షాట్ తీసినవాడు తీశాడు. ఫోటో అయితే అవతలివాళ్ల గ్యాలరీలోకి దానంతటదే దిగిపోయి ఉండొచ్చు. ఐఫోన్ గ్యాలరీలో అలా దిగినది డిలీట్ కొట్టినా మిగలొచ్చని వాట్సాపే చెప్తుంది. ఈ సదుపాయం 2017లో వచ్చినప్పుడు 7 నిమిషాల గడువే ఉండేది, ఇప్పుడు రెండు రోజుల పైచిలుకు. గడువు పెరిగింది కాబట్టి భద్రత పెరిగిందని పిల్లలు అనుకుంటున్నారు. పెరిగింది ధైర్యం ఒక్కటే.

కంగారులో ఇంకో పొరపాటు జరుగుతుంది, డిలీట్ ఫర్ ఎవ్రీవన్ బదులు డిలీట్ ఫర్ మీ నొక్కుతారు. అప్పుడు మీ ఒక్కరికే కనపడదు, ఊరంతా చూస్తూ ఉంటుంది. అన్‌డూ అని కింద ఒక 5 సెకన్లు కనబడుతుంది, అది పట్టుకుంటే పట్టుకున్నట్టు. లేకపోతే గ్రూపు అడ్మిన్‌ని బతిమాలుకోవాలి, అడ్మిన్ ఎవరి మెసేజ్ అయినా అందరికీ తీసెయ్యగలడు.

‘అయితే వ్యూ వన్స్ పెట్టి పంపుతాం సార్’ అంది ఒక అమ్మాయి. 2021లో వచ్చింది అది, ఒక్కసారి తెరిస్తే పోతుంది, స్క్రీన్‌షాట్ కూడా తీయనివ్వదు. నేను ఏమీ అనకుండా నా ఫోన్ ఆమె ఫోన్ ఎదురుగా పెట్టి ఒక ఫోటో తీశాను. ‘ఓ’ అంది.

ఇంతవరకూ నవ్వులాటే. ఇదే డిలీట్ ఇంకో వైపు తిరిగి కొడితే ఎలా ఉంటుందో చెప్పాలి, నా అసలు బాధ అక్కడుంది. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్న ఒకమ్మాయి దసరా సెలవులకి గుంటూరు వచ్చింది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవడో మీ కాలేజీ సీనియర్‌ని అని పరిచయం చేసుకుని, నోట్సులు పంపి, నాలుగు రోజుల తర్వాత ఆమె ప్రొఫైల్ ఫోటో మార్ఫింగ్ చేసి మీ నాన్నకి పంపుతాను, రెండు వేలు వెయ్యి అన్నాడు. రెండు వేలు వేసింది. మళ్లీ అడిగాడు. అప్పుడు భయంతో చాట్ మొత్తం డిలీట్ చేసి, అకౌంటే డిలీట్ చేసేసి, వాళ్లమ్మకి చెప్పింది. వాళ్లిద్దరూ బ్రాడీపేటలో మా ఇంటికి వచ్చేసరికి చేతిలో యూపీఐలో కనబడే ఒక పేరు తప్ప ఏమీ లేదు. ఇన్‌స్టా అకౌంట్ డిలీట్ అడిగిన 30 రోజుల్లోపు మళ్లీ లాగిన్ అయితే తిరిగొస్తుంది కాబట్టి అకౌంట్ తెచ్చుకోగలిగాం. చాట్ రాలేదు. అక్కడ చాట్ డిలీట్ చేస్తే మన వైపు మాత్రమే పోతుంది, అవతలివాడి వైపు అలాగే ఉంటుంది. అంటే వాడు రాసింది వాడి దగ్గర భద్రంగా ఉంది, చూపించాల్సిన పిల్ల దగ్గర లేదు.

తీసెయ్యాలనుకున్న చోట పోదు, ఉండాల్సిన చోట పోతుంది. ఇందుకే ఆ బటన్ అంటే నాకు అంత మంట.

కాబట్టి ఎవరైనా బెదిరిస్తే వరస ఇది, పిల్లలు చదవండి, పెద్దలు రెండుసార్లు చదవండి. డబ్బు వెయ్యొద్దు, ఒకసారి వేస్తే వాడికి మీరు దొరికినట్టే. చాట్ కదపొద్దు. వాడి ప్రొఫైల్ తెరిచి, పేరు, నంబరు కనబడేలా స్క్రీన్‌షాట్ తియ్యండి, తర్వాత బెదిరింపు ఉన్న మెసేజ్‌లు టైముతో సహా తియ్యండి. అవి ఇంట్లో ఒకరి ఫోన్‌కి పంపాకే బ్లాక్ చెయ్యండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఫిర్యాదు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పెట్టొచ్చు, ఆడవాళ్లకి, పిల్లలకి సంబంధించిన కొన్ని ఫిర్యాదులు పేరు చెప్పకుండా కూడా తీసుకుంటారు. ఇంట్లో చెప్పలేని పిల్లలకి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది. పద్దెనిమిది లోపు పిల్లల నగ్న ఫోటో, అసభ్యమైన ఫోటో బయటికి పోయిందనుకుంటే టేక్ ఇట్ డౌన్ అని ఒక ఉచిత సేవ ఉంది. అందులో ఫోటో మన ఫోన్ దాటి వెళ్లదు, దాని వేలిముద్రలాంటి కోడ్ ఒకటే వెళ్తుంది, ఇన్‌స్టా, ఫేస్‌బుక్‌లాంటివి ఆ కోడ్‌తో పోల్చి తీసేస్తాయి. ఇక పెద్దలకి ఒక్క మాట. పిల్ల వచ్చి చెప్పిన మొదటి పది నిమిషాలు ‘అసలు నీకెందుకే వాడితో’ అనొద్దు. ఆ అమ్మాయి చాట్ డిలీట్ చేసింది వాడికి భయపడి కాదు, వాళ్లమ్మకి భయపడి.

మరి పంపే ముందు ఏం చెయ్యాలి? నా పద్ధతి నేను చెప్తాను, నచ్చకపోతే మానెయ్యండి. నేను తెలుగు లిపిలోనే కొడతాను. పిల్లలు నవ్వుతారు, ‘సార్ మెసేజ్ పేపర్‌లో వార్తలా ఉంటుంది’ అని. మా రోజుల్లో ఎస్సెమ్మెస్‌కి ఇంగ్లీషు అక్షరాలైతే 160, తెలుగైతే 70 మాత్రమే, పైగా పండగ రోజు ప్యాక్ పనిచేసేది కాదు, ప్రతి మెసేజ్‌కీ డబ్బులు కోసేవాళ్లు. అందుకని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం అలవాటైంది. ఇప్పుడా లెక్క లేకపోయినా అలవాటు మిగిలింది. ‘వి ఎ డి యు’ అని కొడితే అది వాడా, వద్దా? ‘రేపు వాడు వస్తాడు’ అని మొదలుపెట్టి సగంలో పంపినదాన్ని ‘రేపు వద్దు’ అని చదువుకుని ఇద్దరు స్నేహితులు వారం మాట్లాడుకోలేదు, మా ట్యూషన్‌లోనే. తెలుగులో కొడితే చెయ్యి కాస్త నెమ్మదిస్తుంది, ఆ నెమ్మదే నాకు కావాల్సింది. రాత్రి తొమ్మిది దాటాక నేను ఎవరి మెసేజ్‌కీ జవాబివ్వను, అది మాత్రం మొండితనమే.

క్లాసు సంగతి రెండు ముక్కలు. మన రాష్ట్రంలో 2023లోనే బడుల్లో పిల్లలు ఫోన్లు తేవడం నిషేధించారు, దాని మీద వాదనలొద్దు. ట్యూషన్‌లో నా దగ్గర గుమ్మం పక్కన వెదురు బుట్ట ఉంటుంది, ఫోన్లన్నీ సైలెంట్‌లో అందులోకి. ఆఖరి పది నిమిషాలు బయటికి తీస్తాం, పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి దీక్ష అనే ప్రభుత్వ పాఠాల యాప్‌లో వీడియో చూస్తాం. బోర్డు ఫోటో తియ్యొచ్చు, నోటుబుక్కులో రాసుకున్నాకే. ఆ ఫోటోలో పక్కవాడి ముఖం ఉంటే స్టేటస్‌లో పెట్టకూడదు. మొన్న ఒకమ్మాయి పెట్టిన ఫోటోలో కిటికీ అవతల 4/14 అని గోడ మీద అడ్రసు చక్కగా కనబడుతోంది. బ్రాడీపేట తెలిసినవాడికి నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని అర్థం కావడానికి ఎంతసేపు?

అభ్యాసం. రెండున్నాయి, రెండోది కష్టం.

మొదటిది అయిదు నిమిషాల పని. ఇంట్లో రెండు ఫోన్లు తీసుకోండి. ఒకదాంట్లో నోటిఫికేషన్ హిస్టరీ ఆన్ చేసి స్క్రీన్ ఆపెయ్యండి. రెండోదాన్నుంచి ‘పులిహోర చేశాను’ అని పంపి వెంటనే డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టండి. ఇప్పుడు హిస్టరీ తెరిచి చూడండి. పెద్దలు పంపాలి, పిల్లలు పట్టుకోవాలి.

రెండోది ఇద్దరూ చెయ్యాలి. మీరు పంపిన చివరి ఇరవై మెసేజ్‌లు నోటుబుక్కులో, పెన్నుతో, తెలుగు లిపిలో రాయండి. నవ్వే బొమ్మలు, ఏడ్చే బొమ్మలు తీసేసి రాయండి. ఒక్కోదాని పక్కన అది ఎంతమందికి చేరిందో అంకె వెయ్యండి, గ్రూపు అయితే గ్రూపు మొత్తం. ఇరవైలో ఏ మూడు ఇంకొకరికి చూపించాలో ఎవరికి వారే ఎంచుకోండి, మిగతావి అడగొద్దు. ఆ మూడూ అవతలివాళ్లు రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంటులా, ఏ రాగం లేకుండా పైకి చదవాలి. అమ్మానాన్నలకి మినహాయింపు లేదు, మీ చుట్టాల గ్రూపులో ఫార్వర్డ్ చేసినవి కూడా లెక్కలోకే వస్తాయి.

రాసిన పేజీ ఫోటో తీసి నాకు పంపకండి.